ఉప్పెనకు ముందటి ఫొటోలు: ఐదో నెల

దివిసీమలో పెద్దవాళ్ళని ఏదైనా ఎప్పుడు జరిగిందని అడిగితే సంవత్సరం చెప్పరు. "ఉప్పెనకి నాకు పెళ్ళయి రెండేళ్ళు" అంటారు. 1977 నవంబరు 19న తాటిచెట్టంత ఎత్తున సముద్రం మీద పడి వేల ప్రాణాలు తీసుకుపోయింది. ఇళ్ళతో పాటు ట్రంకుపెట్టెలూ, వాటిలోని ఫొటోలూ పోయాయి. ఉప్పెనకు ముందటి ఫొటోలు వెతికి స్కాన్ చేసి దాచే పని పెట్టుకుని మొదటి నాలుగు నెలలు కోడూరు చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగితే నాకు దొరికినవి దాదాపు అన్నీ ఎనభైల తర్వాతివే.

ఈ నెల దారి మార్చాను. మా ఊరి ఆడపడుచులు కాపురానికి వెళ్ళిన ఊళ్ళలో వెతుకుతున్నాను. పెళ్ళి ఫొటో పుట్టింట్లో ఒకటి, అత్తవారింట్లో ఒకటి ఉంచుకునేవారు. పుట్టింటిది కొట్టుకుపోయినా రెండోది గుడివాడలోనో బెజవాడలోనో గోడకు వేలాడుతూనే ఉంది. ఇప్పటికి స్కాన్ చేసినవి 64. ఉప్పెనకు ముందువి 9, అందులో 7 బయటి ఊళ్ళ నుంచి వచ్చినవే.

ఫొటోని ఇల్లు దాటించను. ఫ్లాట్‌బెడ్ స్కానర్ (ఫొటోని అద్దం మీద బోర్లా పెట్టి తీసేది), లాప్‌టాప్ సంచిలో వేసుకుని నేనే వెళ్తాను. మామూలు సైజువి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), పాస్‌పోర్టు సైజువి 1200లో తీస్తాను. నాణ్యత తగ్గని పెద్ద టిఫ్ ఫైలు దాచుకోవడానికి, ఫోనులో తేలిగ్గా తెరుచుకునే చిన్న జేపెగ్ ఫైలు ఆ ఇంటివాళ్ళకి ఇవ్వడానికి. వెనకవైపు కూడా తప్పకుండా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, ఎవరో పెన్సిలుతో రాసిన రెండు ముక్కలు చాలాసార్లు అక్కడే ఉంటాయి.

ఫ్రేములో ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకండి. బొమ్మ అద్దం మీద ఉండిపోయి చేతికి తెల్లకాగితం వస్తుంది. మేనత్త ఇంట్లో తాతయ్య ఫొటో అలాగే ఉంది. అద్దంతో సహా కిటికీ పక్కన నిలబెట్టి, నా వెనక నల్లదుప్పటి కట్టించి ఫోనుతో తీశాను. అద్దంలో నా నీడ పడలేదు. మరో ఇంట్లో అద్దం ఎప్పుడో పగిలి, ఏటేటా పెట్టిన కుంకుమబొట్టు ఫొటో మీదే గట్టిపడింది. తుడవలేదు, ఉన్నదున్నట్టే తీశాను. ఆ బొట్టూ ఆ ఇంటి చరిత్రే.

ఈ నెల దొరికిన అసలు పెన్నిధి మాత్రం ఫొటో కాదు, పెళ్ళి చదివింపుల పుస్తకం. బందరులో ఒక పెద్దమ్మ బీరువాలోంచి తీసి ఇచ్చారు. పన్నెండు పేజీల నిండా ఇంటిపేరు, పేరు, ఊరు, ఎదురుగా "రు. 5", "రు. 2", "ఇత్తడి చెంబు". మా ఊరి నుంచే 31 పేర్లు. అదే పెళ్ళి గ్రూపు ఫొటో చేతిలో ఉంది కాబట్టి, పుస్తకం చదువుతూ ఒక్కొక్కరినీ అడిగితే పెద్దమ్మ 14 ముఖాలు గుర్తుపట్టారు. "వీళ్ళలో ఆరుగురు ఉప్పెనలో పోయార్రా" అని కాసేపు ఆగిపోయారు. ఆ మాటలు ఫోనులో రికార్డు చేశాను, ముందుగా అడిగే.

తేదీ దగ్గర ఒక జాగ్రత్త. పుస్తకం మీద "ప్లవంగ నామ సంవత్సర ఫాల్గుణం" అని ఉంది. ప్లవంగ 1967 ఉగాదికి మొదలైంది కాబట్టి నేను తొందరపడి 1967 అని రాసుకున్నాను. ఫాల్గుణం చివరి నెల, అప్పటికి 1968 మార్చి వచ్చేసింది. పుష్యం నుంచి ఫాల్గుణం దాకా ఏ నెల కనిపించినా పంచాంగంతో సరిచూసుకోవాలి.

ఫైలు పేరులో ఊరు, సంవత్సరం, ఇంటి సంఖ్య, ఫొటో సంఖ్య పెడుతున్నాను. మనుషుల పేర్లు విడిగా ఒక షీటులో, ఎవరు చెప్పారో కూడా పక్కనే రాసి ఉంచుతున్నాను. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ రాస్తాను. కాపీలు మూడు: లాప్‌టాప్‌లో, హార్డ్‌డిస్కులో, హైదరాబాదులో తమ్ముడి దగ్గర. అన్నీ దివిసీమలోనే పెట్టడానికి మనసొప్పలేదు.

వచ్చే ఆదివారం పులిగడ్డ వంతెన మీదుగా రేపల్లె వైపు వెళ్తున్నాను. గ్రూపు ఫొటోలో రెండో వరుస చివర నిలబడ్డ అమ్మాయి అక్కడే ఉన్నారట. ఆవిడ పెళ్ళి ఫొటో కూడా ఉందని ఫోనులో చెప్పారు.