మేకతోలుతో రంగుల గబ్బిలం దీపం: నా అనుభవం

గబ్బిలం బొమ్మ కావాలంటే అంగళ్లలో దొరికేది ఒకటే రకం. నల్లటి ఒళ్లు, వీపు మీంచి మొలిచిన గొడుగు రెక్కలు. గబ్బిలానికి వీపు మీద రెక్కలుండవు, దాని చెయ్యే రెక్క. వేళ్లు బారెడు సాగి, వాటి మధ్య పలుచని చర్మం పరుచుకుని ఉంటుంది. ఆ సంగతి కంటికి కనబడాలంటే వెనకనుంచి వెలుగు పడాలి. అందుకు తోలుబొమ్మను మించింది లేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో (పాత అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా) తోలుబొమ్మల కుటుంబాలు దీపాలు కూడా చేస్తాయి. గీత నాది, ఉలిపని వాళ్లది.

మర్రికీ చింతకీ వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాయి మనకు తెలిసినదే. కానీ రెక్కలు చాపితే నాలుగడుగుల పైనే వస్తుంది, రెక్క ముదురు రంగు. దీపానికి కుదరదు. నేను ఎంచుకున్నది కెరివౌలా పిక్టా, ఇంగ్లీషులో పెయింటెడ్ బ్యాట్. అయిదు గ్రాముల ప్రాణి. పగలు ఎండిన అరటాకు మడతల్లో దాక్కుంటుంది. ఒళ్లూ వేళ్ల వెంబడి చారలూ నారింజ, వేళ్ల మధ్య పొర నలుపు. ఆ అందమే దానికి చేటు తెస్తోంది. చంపి, ఎండబెట్టి, అద్దాల పెట్టెల్లో బిగించి అలంకరణ సామానుగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పుకు చేరువైన జాతిగా లెక్కగట్టింది. గబ్బిలాలు చాలావరకు కాన్పుకు ఒక్క పిల్లనే కంటాయి, పోయిన సంఖ్య తొందరగా పూడదు. గబ్బిలాలంటే ఇష్టమున్నవాళ్లు ఆ పెట్టెలు కొనకూడదు. తోలుదీపం చేయించుకుంటే సరి.

గీత దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. ఈ జాతి ముంజెయ్యి దాదాపు 35 మిల్లీమీటర్లు. నాలుగింతలు చేసి 14 సెంటీమీటర్లు పెట్టాను, మిగతా కొలతలన్నీ దాన్నుంచే. మూడో వేలు ముంజేతికి ఇంచుమించు రెండింతలు, రెక్క కొన దానిదే. రెండో వేలు దాన్ని అంటిపెట్టుకునే పోతుంది. నాలుగు, అయిదు వేళ్లు పొరను పరుస్తాయి. వేళ్లన్నీ మణికట్టు నుంచి విడిపోవాలి, మోచేతి నుంచి కాదు. రెక్క పైవంపులో కనిపించే గోరు బొటనవేలిది. కొనల మధ్య అంచు లోపలికి వంగాలి. తోక మొత్తం కాళ్ల మధ్య పొరలోనే ఉండాలి. కాళ్లు తలకిందుల వేలాటకు తగినట్టు తిరిగి ఉంటాయి కాబట్టి మోకాలు మన మోకాలికి ఎదురు దిక్కుకు వంగుతుంది. మనిషి మోకాలులా గీస్తే బొమ్మ మొత్తం అబద్ధమవుతుంది.

తోలు: చెప్పులకు వాడే పదును చేసిన తోలు పనికిరాదు, వెలుగు దిగదు. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండబెట్టిన పచ్చితోలే కావాలి. రెక్కల వెడల్పు 80 సెంటీమీటర్లు కాబట్టి రెండు తోళ్లు తీసుకుని ఒక్కో రెక్క ఒక్కో తోలులో కోయించాను. అతుకు ఒంటి మధ్యలో పడుతుంది, అక్కడ వెలుగు ఎలాగూ రాదు. తోలు వెన్నువైపు మందం, పొట్టవైపు పలచన. మందపు వైపు ముంజేతికీ పలచన వైపు పొరకూ వచ్చేలా గీతను తిప్పి పెట్టుకోవాలి. మొదటిసారి అడ్డంగా పెట్టాను. వెలిగిస్తే ఒక రెక్క పసుపు, ఒక రెక్క మట్టిరంగు.

రంగుల్లో అసలు చిక్కు నలుపు. పొరను పూర్తిగా నలుపుతో నింపితే దీపం వెలిగినా అక్కడ వెలుగు రాదు, నారింజ చారలు గాల్లో తేలినట్టుంటాయి. రెండు పనులు చేశాం. నలుపును నీళ్లు కలిపి పలచగా ఒకే వైపు పూశాం. తర్వాత చెక్కదిమ్మ మీద పెట్టి, సన్నని ఉలితో చుక్కల వరసలు కొట్టించాం. తోలుబొమ్మ నగల మీద కొట్టే పూల ఉలి వద్దన్నాను. రెక్క పొరలో సాగే పోగులు వేళ్లకు అడ్డంగా నడుస్తాయి, చుక్కలూ అలాగే నడవాలి. చుక్కకూ చుక్కకూ మధ్య 4 మిల్లీమీటర్లకు తగ్గితే కుట్టేటప్పుడు తోలు చినుగుతుంది. నారింజకు ముందు పసుపు, ఆరాక దానిపై ఎరుపు, రెండువైపులా. నల్లగీతలు కూడా వెనకవైపు అదే చోట పడాలి. కిటికీకి అడ్డంపెట్టి చూసుకోండి, లేకపోతే వెలుగులో ఒక ఎముక రెండుగా కనిపిస్తుంది.

చట్రం 4 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత వేసిన ఇనప) తీగ. వేళ్లకు 2 మిల్లీమీటర్లు చాలు. తోలును తడిగుడ్డలో చుట్టి మెత్తబరిచి తీగకు కుడతారు. నేను అంచు బిగించబోతే కళాకారుడు ఆపి, "ఇప్పుడే లాగొద్దన్నా, ఆరితే అదే బిగుసుకుంటాది" అన్నాడు. నిజమే. ఆరేటప్పుడు తోలు కుంచించుకుని, 80 సెంటీమీటర్ల వెడల్పులో దాదాపు 2 సెంటీమీటర్లు తగ్గింది. అందుకే గీతను కొంచెం పెద్దదిగా గీయాలి. గట్టిగా లాగి కుట్టిన చోట అయిదో వేలి తీగ వంగిపోయి, రెక్క వెడల్పు పోయింది. కుట్టు విప్పి మళ్లీ తడపాల్సి వచ్చింది. ఎండలో ఆరబెట్టకండి. నీడలో ఒక రోజు చాలు.

బల్బులు రెండు, 3 వాట్ల ఎల్‌ఈడీలు, ఒక్కో మణికట్టు వెనక ఒకటి, తోలుకు 10 సెంటీమీటర్ల దూరంలో. పాతకాలపు ఫిలమెంటు బల్బు వేడికి పచ్చితోలు ముడుచుకుపోతుంది. 3000 కెల్విన్ పసుపు వెలుగే తీసుకోండి. తెల్ల వెలుగులో నారింజ వెలిసిపోయినట్టుంటుంది.

వానల్లో తోలు తేమ పీల్చి కాస్త వదులవుతుంది, దీపం గంటసేపు వెలిగిస్తే మళ్లీ బిగుసుకుంటుంది. తడిగుడ్డ తగలనివ్వొద్దు, మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. ఎలుకలు పచ్చితోలును కొరుకుతాయి కాబట్టి గోడకు తగిలించేటప్పుడు పక్కన బీరువా, కిటికీ తెర లేని చోటు చూసుకోండి.