ఖాళీలు మూసుకుపోతున్నాయనుకున్నాను

పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ ముక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే లోపల ఏమీ కనపడదు, అంత తేటగా ఉంటుంది. కానీ దాని అణువుల గొలుసులు సర్దుకునేలోపే గాజులా బిగుసుకుపోతాయి; ఇలాంటి ప్లాస్టిక్‌ని మేం గాజు అనే అంటాం. అందుకే వాటి మధ్య ఖాళీలు మిగిలిపోతాయి. వాటిని కొలవడమే నా పని.

కాప్టాన్ అనే పలచని ప్లాస్టిక్ పొరల మధ్య ఆరిన రేడియోధార్మిక సోడియం-22 చుక్క, అదే మా సోర్స్. దానికి అటొకటి ఇటొకటి మిల్లీమీటరు మందం ముక్కలు. సోడియం పాజిట్రాన్‌ను (ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ ధనావేశంతో) వదిలిన వెంటనే 1275 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల గామా కిరణం వస్తుంది, గడియారం మొదలవుతుంది. ఆ పాజిట్రాన్ ఓ ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమైతే 511 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల గామా, గడియారం ఆగుతుంది. ఇలాంటివి పది లక్షలు పోగుచేస్తే ఒక స్పెక్ట్రమ్, అంటే ఎన్ని పాజిట్రాన్లు ఎంతసేపు బతికాయో చూపే గ్రాఫు.

కొన్ని పాజిట్రాన్లు పోయేముందు ఎలక్ట్రాన్‌తో జతకట్టి పాజిట్రోనియం అవుతాయి. అందులో ఆర్థో రకం శూన్యంలో 142 నానోసెకన్లు ఉంటుంది. ఖాళీలో చిక్కుకుంటే మాత్రం గోడల్లోని ఎలక్ట్రాన్లు దాన్ని అంతసేపు ఉండనివ్వవు. ఖాళీ ఎంత ఇరుకైతే ఆయుష్షు అంత తక్కువ. నాకు 2.1 నానోసెకన్లు వచ్చింది. ఖాళీని గుండ్రంగా ఉందనుకుని, ఆయుష్షు నుంచి ఖాళీ సైజు చెప్పే టావో-ఎల్‌డ్రప్ సూత్రంలో వేస్తే వ్యాసార్థం సుమారు 0.3 నానోమీటర్లు! ఆ అంకె చూసినప్పుడు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

తరవాత ఆర్థో వాటా, అంటే మొత్తం పాజిట్రాన్లలో ఆర్థో రకంగా మారేవాటి వంతు, రోజురోజుకీ తగ్గసాగింది. గాజు కాలంతో కుదురుకుంటోంది, ఖాళీలు మూసుకుపోతున్నాయి అని నోట్‌బుక్‌లో రాసి కింద గీత కూడా గీశాను. మా సీనియర్ అక్క అది చదివి, "మరి ఆయుష్షు కదల్లేదేంటమ్మా? సోర్స్ పెట్టకుండా ఉంచిన ముక్క చూశావా?" అంది.

చూడలేదు. అదే షీటులోంచి కోసి, అన్ని రోజులూ డ్రాయర్‌లో పడున్న ముక్కలు తీసి పెట్టాను. వాటా మొదటి రోజు ఉన్నంతే ఉంది! అంటే తగ్గుదల గాజుది కాదు. మా పాజిట్రాన్లే ముక్కలో పోగుచేసిన మార్పులు కొత్త పాజిట్రోనియం పుట్టకుండా అడ్డుపడుతున్నాయి. వాటా తగ్గినంత మాత్రాన ఖాళీలు తగ్గాయని రాయకూడదు. గీత గీసిన పేజీని అలాగే ఉంచి, పక్కన తేదీ వేసి దిద్దాను.

పాత ముక్కల్ని 150 డిగ్రీలు దాటించి చల్లార్చాక వాటా మళ్ళీ పైకొచ్చింది. వేడిచేస్తూ తీసిన ఆయుష్షు గ్రాఫు ఇప్పుడు నా బల్ల మీదుంది. చుక్కలు చాలాదూరం మెల్లగా ఎక్కి, సుమారు 150 దగ్గరినుంచి మరింత నిటారుగా ఎక్కుతాయి. గొలుసులు స్వేచ్ఛగా కదలడం మొదలుపెట్టేది అక్కడే. స్కేలు పెట్టి, మెల్లగా ఎక్కే చుక్కలకొకటి, నిటారు చుక్కలకొకటి, రెండు గీతలూ చేత్తోనే గీసి కలిపాను.