భయపడమాకండి

1977 డిసెంబరులో మన బడిలో క్రిస్మస్ నాటకం ఉంటుందో లేదో చివరి వారం దాకా ఎవరికీ తెలియదు. నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచివేసింది. అప్పట్లో మన గుంటూరు జిల్లాలోనే ఉన్న రేపల్లె, బాపట్ల వైపు ఊళ్లు కూడా దెబ్బతిన్నాయి. ఏటా గొల్లలకూ జ్ఞానులకూ వేషాలు కట్టడానికి ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చే దుప్పట్లు, పాత పంచెలు ఆ యేడు మూటలుగా కట్టి లారీకెక్కించి ఉప్పెన బాధితులకు పంపించాము. పరీక్షలు అయిపోయిన రోజున మా తెలుగు మాస్టారు ఆరో తరగతి గదిలోకి వచ్చి, "గుడ్డలు లేవని నాటకం మానుకుంటామా? పుట్టిన బిడ్డకే పొత్తిగుడ్డలు తప్ప ఏమీ లేవు గదరా!" అన్నారు. ఆ సాయంత్రమే వేషాలు పంచారు.

1842లో అమెరికా నుంచి వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యరు గుంటూరులో అడుగుపెట్టింది మొదలు లూథరన్ మిషన్ వారు ఈ ప్రాంతంలో చేసిన కృషిని గురించి మన బడి తెస్తున్న ఈ సంచికలో పెద్దలు రాసే ఉంటారు కనుక నేను ఆ జోలికి పోను. మా ఇంట్లో ఎవరూ క్రైస్తవులు కారు. కార్తీక సోమవారాలు ఉపవాసముండే మా నాయనమ్మ, నాకు దేవదూత వేషం ఇచ్చారని తెలిసి, "ఏ దేవుడి దూతయితేనేం, మాట తడబడకుండా చెప్పు" అని మాత్రం అన్నది. లూకా సువార్తలో మరియకు కనిపించిన దూత పేరు గబ్రియేలు. పొలంలో గొల్లలకు కనిపించిన దూతకు పేరు లేదు. అయితే మా దగ్గర ఉన్నది ఒకటే జత రెక్కలు కావడం చేత ఆ ఇద్దరినీ నేనే కావలసివచ్చింది. వెదురు బద్దలకు పాత నోటుపుస్తకాల కాగితం అంటించి, దానిమీద మైదా జిగురుతో దూది అద్ది చేసిన ఆ రెక్కలు నా భుజాలను కోసివేసేవి. పత్తికి మన జిల్లాలో కొదవ లేదు కదా, అడిగిన వారందరూ ఇచ్చారు.

జ్ఞానుల వేషాలు వేసినవారు ముగ్గురు. మత్తయి సువార్తలో వారెందరో చెప్పలేదని, కానుకలు మూడు కాబట్టి మనుషులు కూడా ముగ్గురని లోకం అనుకుంటుందని మాస్టారు చెప్పారు. బంగారం సరే, సాంబ్రాణి సరే, బోళం అంటే ఏమిటో మాలో ఒక్కరికీ తెలియదు. పచారీ కొట్టుకు వెళ్లి అడిగితే కొట్టాయన నవ్వి, "బాలింతలకిచ్చే బోళమా? ఎవరింట్లో పురుడురా?" అంటూ ఎర్రటి జిగురు ముక్క ఒకటి కాగితంలో పొట్లం కట్టి ఊరికే ఇచ్చాడు. నాలిక చివర ఆనించి చూసిన మూడో జ్ఞాని ముఖం చిట్లించిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

మాస్టారి పట్టుదలంతా భాష మీదనే. బైబిలులో ఉన్న మాటను ఉన్నట్టే పలకాలి. "భయపడకుడి" అన్న చోట చివరి అక్షరం మింగకూడదు. మాకు నోరు తిరిగేది కాదు. ఇంట్లో, వీధిలో, చివరికి ఆటస్థలంలో మేము వినేదీ అనేదీ "భయపడమాకండి", "ఏడవమాకండి", "పోమాకండి" కదా. నేను రోజుకు ఇరవైసార్లు తప్పు పలకడం, ఆయన ఇరవైసార్లు దిద్దడం! అంత చాదస్తమెందుకని అప్పుడు విసుక్కున్నాను గాని, ఆ గ్రాంథికానికి ఉన్న బరువు వేరని ఇప్పుడు ఒప్పుకుంటాను.

నాటకం రాత్రి కరెంటును నమ్ముకోలేక రెండు పెట్రోమాక్సు లైట్లు తెచ్చారు. మొదటి రంగాలు నడిచిపోయాయి. వేపకొమ్మకు తాడు కట్టి లాగిన నక్షత్రం సగం దూరంలో ఇరుక్కుని బేత్లెహేము చేరనేలేదు. గొల్లలు ముగ్గురూ గొంగళ్లు కప్పుకుని పడుకుని ఉండగా నేను బల్ల మీదికి ఎక్కాను. ఎదురుగా లైటు కళ్లలోకి కొట్టింది. చాపల మీద కూర్చున్న జనమంతా నల్లని ముద్దలా కనిపించారు. నోరు తెరిచేసరికి అన్ని రోజుల దిద్దుబాటు ఎగిరిపోయి, "భయపడమాకండి!" అని అరిచాను.

ఎవరూ నవ్వేలోపే ముందు వరుస చాపల మీదనుంచి ఒక ముసలామె, ఎదురుగా నిలబడిన మనిషికి జవాబు చెప్పినట్టు, "భయపడంలే నాయనా, చెప్పు" అన్నది.

అప్పుడు నవ్వారు. గొల్లవాళ్లు కూడా గొంగళ్ల కింద నవ్వారు. తెర పక్కనుంచి మాస్టారు తరువాతి మాట అందిస్తున్నారు గాని నాకు వినిపించలేదు. "మహా సంతోషకరమైన సువర్తమానము" అనవలసిన చోట, "మీకొక మంచి కబురు తెచ్చాను" అని ఆమె వైపు చూస్తూనే చెప్పాను. ఆమె తల ఊపింది.

మాస్టారు కొడతారనుకున్నాను. ఆయన రెక్కలు విప్పుతూ భుజం మీద గీసుకుపోయిన చోట కొబ్బరినూనె రాసి, ఒక్క మాట కూడా అనలేదు. ఆ ముసలామె రేపల్లె దగ్గర సముద్రపు ఒడ్డు ఊరినుంచి వచ్చి, హాస్టలు వంటమనిషిగా పనిచేసే కూతురి దగ్గర ఉంటున్నదని మరునాడు కేకు పంచేటప్పుడు తెలిసింది. ఉప్పెనలో ఇల్లు పోయిందట. ఇంకా ఏమేం పోయాయో మేము అడగలేదు.

మరుసటి యేడు నేను పొడుగు పెరిగినందువల్ల రెక్కలు మరొకరికి పోయి, తెర వెనుక మాటలు అందించే పని నాకు వచ్చింది. కొత్త దూత "భయపడకుడి" అని గట్టిగా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా పలికాడు. నేను తెర సందులోంచి ముందు వరుస చాపల వైపు చూశాను. సంక్రాంతి తరువాతే ఆమె తన ఊరు వెళ్లిపోయి, పాకెత్తుకుని అక్కడే ఉంటున్నదని వంటమనిషి చెప్పింది.