కొట్లాట కేసు కాదని రాయించుకున్నాం

ఒడిశా గజపతి జిల్లాలో ఆంధ్రా సరిహద్దుకు ఆనుకున్న ఊరు మాది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. థానాలో కాగితాలన్నీ ఒడియాలోనే.

మా వీధివాడొకడు ఏడాదిగా నా వెంటపడ్డాడు. కుట్టు సెంటర్ దగ్గర కాపు కాసేవాడు. నంబరు బ్లాక్ చేస్తే ఇంకో సిమ్ నుంచి ఫోన్లు. నాకు సంబంధం కుదిరిందని తెలిసిన వారంలోనే ఇనుప రాడ్డు పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. తల మీద పడాల్సిన దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టాను.

ఆసుపత్రిలో అన్నయ్య మొదట అడిగింది ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే గాయాల నమోదు, రాయమని. చీటీలో వాపు అని రాశారు. ఎక్స్‌రే తీశాక ముంజేతి ఎముక విరిగిందని తేలింది. ఆ ఫిల్మ్ విలువ తరవాత లాయరు చెబితే తెలిసింది. ఆయుధంతో మామూలు గాయమైతే భారతీయ న్యాయ సంహిత 118(1): మూడేళ్ల వరకు జైలు, లేదా ఇరవై వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఎముక విరిగితే అది తీవ్ర గాయం, 118(2) కిందికి పోతుంది: ఏడాదికి తగ్గకుండా పదేళ్ల వరకు, లేదా యావజ్జీవం. 2024 జూలై 1 తరవాతి నేరాలకు ఈ సంహితే. మా పెద్దలు మాత్రం ఇంకా పాత ఐపీసీ నంబర్లతో 324, 326 అనే అంటారు.

థానాలో రాసినాయన రాసింది చదివి వినిపించమన్నాం. అది మన హక్కే. విన్నాను. ఆ రాత్రి గొడవ ఉంది, ఏడాది వేధింపు లేదు. పక్కింటివాళ్ల కొట్లాటలా ఉంది.

"ఆజ్ఞా, ఫోన్ల సంగతి ఏదీ?" అన్నాను. ఒడియాలో ఆజ్ఞా అంటే అయ్యా అని.

"అవన్నీ తరవాత చెప్పుకోవచ్చమ్మా."

అన్నయ్య ఒప్పుకోలేదు. ఫోన్‌లో కాల్ లిస్టు, మెసేజ్‌లు చూపించాడు. చాలాసేపు వాదన. చివరికి 78, అంటే వెంటపడి వేధించడం, చేరింది. దానికి మొదటిసారి మూడేళ్ల వరకు జైలు, బెయిల్ దొరుకుతుంది. రెండోసారి నేరం రుజువైతే ఐదేళ్ల దాకా, అది నాన్‌బెయిలబుల్. శిక్ష సంగతి పక్కన పెట్టినా ఆ సెక్షన్ చేరడంతోనే చాలా మారింది. అప్పుడు ఫిర్యాదు మహిళా అధికారి రాసుకోవాలి. మేజిస్ట్రేట్ దగ్గర 183 స్టేట్‌మెంట్, అంటే నాగరిక సురక్షా సంహిత 183 కింద ఇచ్చే వాంగ్మూలం, కూడా తప్పనిసరి. మహిళా అధికారి ముందు మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మగవాళ్ల మధ్య కూర్చుని చెప్పలేనివి అప్పుడే నోట్లోంచి వచ్చాయి. ఎఫ్‌ఐఆర్ కాపీకి డబ్బు కట్టనక్కర్లేదు. అడిగి తెచ్చుకున్నాం.

పోలీసులు అసలు రాసుకోకపోతే? ఫిర్యాదు పోస్టులో ఎస్పీకి పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. సరిహద్దు ఊళ్లవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి: నేరం ఏ రాష్ట్రంలో జరిగినా దగ్గరి స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ రాసి, సంబంధించిన చోటికి పంపాలి. "అది అవతలి కేసు" అని తిప్పి పంపడానికి లేదు.

వాడికి బెయిల్ వచ్చింది. నా జోలికి రాకూడదని షరతు పెట్టారు. ఆ తరవాత పెద్దమనుషులు బయలుదేరారు.

"ఏటమ్మా, ఆడపిల్లవి, కోర్టుల ఎంట ఎన్నాళ్లు తిరుగుతావు? వాడిచేత క్షమాపణ చెప్పిస్తాం."

అమ్మ కొంచెం మెత్తబడింది, దాచుకోవడం ఎందుకు. లాయరు చెప్పినది విన్నాక సర్దుకుంది: 118(2), 78 రెండు సెక్షన్లూ కింది కోర్టులో రాజీతో కొట్టేసేవి కావు. కావాలంటే కటక్ హైకోర్టుకే పోవాలి. అంత దూరం పోయేదెవరు, ఖర్చెవరిది అని అమ్మే అడిగింది వాళ్లని. మళ్లీ రాలేదు.

ఎస్‌డీజేఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) కోర్టుకి చార్జిషీటు వెళ్లింది, విచారణ నడుస్తోంది. నన్ను క్రాస్ ఎగ్జామిన్ చేసినప్పుడు అవతలి లాయరు అడిగాడు: "ఏడాదిగా వేధిస్తుంటే ముందే ఫిర్యాదు ఎందుకు చెయ్యలేదు?"

"చేస్తే నన్నే ఇంట్లో కూచోబెట్టేవారు" అన్నాను. ఆ మాట రికార్డులో రాసుకున్నారు. డాక్టరు సాక్ష్యం ఇంకా మిగిలింది.