నిరుడు పోయిన ఎండ

మిత్రులారా, బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఎంట్రన్స్ ఫలితాలు వచ్చి నాలుగు రోజులైంది. రెండోసారి రాసి మంచి ర్యాంకు తెచ్చుకున్న ధీమాతో ఈ అనుభవం రాస్తున్నాను. ఆబ్జెక్ట్ డ్రాయింగ్, జీకేల సంగతి మీకు తెలిసిందే. నిరుడు నన్ను ముంచింది మెమరీ డ్రాయింగ్, అంటే ఇచ్చిన దృశ్యాన్ని ఎదురుగా ఏమీ లేకుండా జ్ఞాపకం నుంచి వేయడం.

అప్పుడు మధ్యాహ్నపు కాలువ గట్టును వేయమన్నారు. విజయవాడలో ఏలూరు కాలువ పక్కనే పెరిగినవాణ్ని కనుక ఇక తిరుగులేదనుకున్నాను. తీరా సాప్ గ్రీన్ అనే ఆకుపచ్చ పోస్టర్ కలర్‌ను సీసాలోంచి తీసింది తీసినట్టే చెట్లకూ గడ్డికీ పూసి, ఎండ చూపించాలని అందులో తెలుపు కలిపేసరికి, గట్టు మొత్తం వెల్ల వేసినట్టు పాలిపోయింది.

ఈ ఏడు ప్రిపరేషన్‌లో నలభై రోజులు ఒకే బొమ్మ ముందు కూర్చున్నాను. ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821లో ప్రదర్శించిన 'ది హే వెయిన్' (గడ్డి బండి) అది: ఇంగ్లండ్‌లోని స్టౌర్ నదిలో లోతు లేని చోట నిలిచిన బండి, ఎడమన ఇల్లు, చెట్లు, కుడివైపు ఎండ పడిన పచ్చిక. దానికి ఆయన మొదట పెట్టిన పేరు 'లాండ్‌స్కేప్: నూన్' (ప్రకృతి దృశ్యం: మధ్యాహ్నం) అని తెలిసినప్పుడు, నేను తప్పిన ప్రశ్నే ఎదురుగా వచ్చి కూర్చున్నట్టనిపించింది. అసలు చిత్రం సుమారు 185 సెంటీమీటర్ల వెడల్పు, 130 సెంటీమీటర్ల ఎత్తు కనుక ఐదో వంతుకు తగ్గించి, 37 × 26 సెంటీమీటర్ల కొలతలో గళ్లు గీసుకున్నాను.

మొదటి మూడు కాపీలూ చెడ్డాయి. నాలుగోదానిలో కుడివైపు పచ్చికను ముట్టుకోకుండా, ఎడమ చెట్ల ఆకుపచ్చలో బర్న్ట్ సియెన్నా (ఎర్రని గోధుమరంగు), అల్ట్రామెరైన్ (ముదురు నీలం) కలిపి నీడలను ముదురు చేస్తూ పోగా, తెలుపు చుక్కైనా కలపకుండానే పచ్చిక మీద ఎండ కాసింది. చివరికి బండి గుర్రాల పట్టెడలకు ఆయన వేసిన ఎరుపును సన్నని బ్రష్‌తో రెండు చుక్కలు పెట్టగానే చుట్టూ ఉన్న పచ్చదనమంతా చిక్కబడింది. ఆ రాత్రి బొమ్మను గోడకు ఆనించి, దీపం ఆర్పబుద్ధి కాక చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

కాపీ చేస్తే చేయి పాడవుతుందని కోచింగ్‌లో కొందరు నవ్వారు. కాన్‌స్టబుల్ కూడా తనకు ముందుతరం ప్రకృతి చిత్రకారుడు క్లోడ్ లోరెయిన్ చిత్రాలకు కాపీలు వేసినవాడే. పైగా ఈ చిత్రానికి ముందు దాదాపు అంతే కొలతలో ఆయిల్ స్కెచ్ వేసి చూసుకున్నాడు. రోజుకో కొత్త బొమ్మ చొప్పున షీట్లు నింపి, ఆ లెక్క చూసుకుని మురిసిపోయేవాళ్లు (నిరుడు నేనూ వాళ్లలో ఒకణ్నే) ఒక్క చెట్టునైనా పదిసార్లు వేసి చూశారా?

ఈసారి రైతుబజారును వేయమన్నారు. ఆకుకూరల కుప్పలకు నాలుగు రకాల పచ్చలు కలుపుకుని, ముందు నీడలన్నీ వేసుకుని, టమాటాల గంప కోసం దాచుకున్న ఎరుపు సీసా మూతను ఆఖరి పది నిమిషాల వరకు తీయలేదు.