ముక్క పరీక్షలో తేలింది క్యాన్సర్ కాదు, అమీబా

తెల్లబట్ట దుర్వాసనతో, రక్తం కలిసి అవుతుంటే నెలసరిలో తేడా అనుకుని ఊరుకున్నాను. నెల దాటినా తగ్గలేదు. పరీక్ష చేస్తున్న డాక్టరమ్మ మాట్లాడటం ఆపేసరికే నాకు భయం మొదలైంది. గర్భసంచి ముఖద్వారం మీద పుండు పడి, కండ పెరిగినట్టుందట. తాకితేనే రక్తం వస్తోందట. "క్యాన్సర్ కావచ్చు. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపిస్తాను" అన్నారు.

రిపోర్టుకు 9 రోజులు పట్టింది. నిద్ర లేదు, తిండి సయించలేదు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "గర్భసంచి తీయించేస్తే పోతుంది కదా!" టెన్షన్ తట్టుకోలేక నేనూ అదే అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. అదేమిటో తేలకుండా ఆపరేషన్ చేయనన్నారు. ఆ మాట మీద నిలబడినందుకు ఆవిడకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న: "ఈమధ్య మీకు రక్త విరేచనాలు అయ్యాయా?"

అయ్యాయి. నాలుగు నెలల కిందట. కాస్త తగ్గగానే మాత్రలు మధ్యలో ఆపేశాను. ఆడవాళ్ల డాక్టరుకు ఆ సంగతి ఎందుకులే అని చెప్పనేలేదు. దయచేసి మీరు అలా దాచకండి, సంబంధం లేదనిపించినా చెప్పండి.

ముక్కలో క్యాన్సర్ కణాలు లేవు. ఉన్నది ఎంటమీబా హిస్టోలిటికా, అంటే అమీబా విరేచనాలు తెచ్చే పరాన్నజీవి. పేగుల్లో ఉండాల్సింది మలం ద్వారా ముఖద్వారం దాకా చేరి అక్కడి కండను కరిగించిందట. ఇలా జరగడం చాలా అరుదు. మైక్రోస్కోపులో అది మన ఒంటి కణంలాగే కనిపించి మోసం చేస్తుందట. దాని లోపల మింగిన ఎర్ర రక్తకణాలు కనబడటంతో, ల్యాబులో ముక్కను పరీక్షించే డాక్టరుకు (పాథాలజిస్టుకు) అనుమానం వచ్చి, వేరే రంగు వేసి మళ్లీ చూశారు. ముఖం కూడా తెలియని ఆ మనిషికి నేను చాలా రుణపడి ఉన్నాను.

మెట్రోనిడజోల్ 10 రోజులు వాడాను. నోరంతా ఇనుము నాకినట్టు ఉండేది, పైగా వికారం. ఈసారి ఒక్క మాత్ర కూడా మానలేదు. ఆ తర్వాత పేగుల్లో మిగిలిన వాటి కోసం ఇంకో మందు. కలయిక వల్ల కూడా అంటుకోవచ్చు కనుక మా ఆయనకూ పరీక్షలు చేశారు.

మూడు వారాలకు పుండు మానింది. అయినా క్యాన్సరూ అమీబా ఒకేచోట ఉన్న సందర్భాలు ఉన్నాయని మళ్లీ ముక్క తీశారు. ఆ రిపోర్టు ఆవిడ చదువుతున్నంతసేపూ మా ఆయన నా చెయ్యి వదల్లేదు. క్యాన్సర్ లేదు, అమీబా లేదు. ఆరు నెలలకు మళ్లీ చూపించుకోమన్నారు.