ఒడ్డుకొక ఉత్తర్వు

2020 ఏప్రిల్ 3న గూగుల్ సంస్థ ఫోన్ల లొకేషన్ ఆధారంగా రాకపోకల నివేదికలను విడుదల చేయడం మొదలుపెట్టినప్పుడు, మన రాష్ట్రాల గీతలు నిలువునా కిందికి పడిపోవడం చూసి, లాక్‌డౌన్ ఎంత గట్టిగా పనిచేసిందో కదా అనుకున్నాను. ఆ తరువాత ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సివర్సన్ అనే అమెరికా ఆర్థికవేత్తల పరిశోధన చదివాక ఆ తీర్మానం తొందరపాటని తెలిసింది.

మిసిసిపీ నదికి ఒక ఒడ్డున ఇల్లినాయ్ రాష్ట్రంలోని మొలీన్, రాక్ ఐలండ్ ఊళ్లు, ఎదుటి ఒడ్డున అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ ఉన్నాయి. ఉద్యోగాలకూ కొనుగోళ్లకూ జనం రోజూ వంతెనలు దాటుతూనే ఉంటారు కాబట్టి అదంతా ఒకే పట్నం కిందే లెక్క. కానీ 2020 మార్చిలో ఇల్లినాయ్ ప్రభుత్వం ఇళ్లలోనే ఉండమని ఉత్తర్వు ఇవ్వగా, అయోవా ఇవ్వలేదు. ఇలాంటి సరిహద్దు ప్రాంతాలను వెతికి పట్టుకుని, 22 లక్షలకు పైగా వ్యాపార స్థలాలకు వచ్చిపోయిన ఫోన్లను లెక్కించి, ఉత్తర్వు ఉన్న వైపునూ లేని వైపునూ వారు పోల్చి చూశారు. మొత్తం మీద వినియోగదారుల రాకపోకలు 60 శాతం పాయింట్లు తగ్గితే, అందులో ఉత్తర్వుల వల్ల తగ్గింది 7 మాత్రమే. మిగిలినదానిలో ఎక్కువ భాగం కరోనా భయం చేసిన పని. తగ్గుదల ఉత్తర్వులకు ముందే మొదలైంది, తమ కౌంటీలో (మన జిల్లా లాంటిది) మరణాల వార్తలు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువైంది. అయితే ఉత్తర్వులు దండగని దీని అర్థం కాదు, ఎందుకంటే హోటళ్లకూ బార్లకూ వెళ్లేవారిని కిరాణా కొట్ల వైపు మళ్లించింది అవే.

మన దేశంలో మార్చి 25 నుంచి లాక్‌డౌన్ అంతటా ఒకేసారి అమలైంది కనుక, ఇలా పోల్చడానికి ఉత్తర్వు లేని ఎదుటి ఒడ్డంటూ మనకు మిగలలేదు.

గూగుల్ లెక్కలో నాకు మరో అనుమానం కూడా వచ్చింది. వారు మామూలు రోజులుగా తీసుకున్నది 2020 జనవరి 3 నుంచి ఫిబ్రవరి 6 వరకు, అంటే ఆ మధ్యలోనే సంక్రాంతి! ఊళ్లకు ఊళ్లు కదిలే ఆ వారం ప్రమాణంలో చేరితే తరువాతి తగ్గుదల పెద్దదిగా కనిపించదా? కానీ వారు తీసుకున్నది సగటు కాదు, సోమవారం, మంగళవారం ఇలా ఒక్కో రోజుకు ఆ ఐదు వారాల్లో వచ్చిన ఐదు విలువల మధ్యగతం, అంటే వరుసలో పెడితే నడిమధ్యన వచ్చే విలువ, కాబట్టి ఒక్క పండుగ వారం దాన్ని పెద్దగా కదిలించలేదు.

మధ్యగతానికీ అందని లోపం మా ఇంట్లోనే ఉంది. అమ్మ ఫోన్‌లో, అది వెళ్లిన చోట్లను నమోదు చేసే లొకేషన్ హిస్టరీని నేనే ఆన్ చేసి పెట్టాను. లాక్‌డౌన్ సడలించిన ఉదయాల్లో ఆవిడ ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టేసి, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, సంచీతో రైతుబజారుకు వెళ్లేది. కూరగాయలు బేరమాడి తిరిగొచ్చేసరికి గంటన్నర పట్టేది. ఆ గంటన్నరా లెక్కల ప్రకారం ఆవిడ ఇల్లు కదలలేదు.